చేను చూసొచ్చాకే సూది: మా విజయతో మేదరమెట్ల ప్రయాణం

మా వైపు మిరప వేసేవాళ్ళకి ఒక అలవాటుందండి. కొత్త రకం విత్తనం వచ్చిందంటే కొట్లో ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొనం. ఆ విత్తనం నిరుడు ఎవరు వేశారో కనుక్కుంటాం. ఎంత దూరమైనా బస్సెక్కి పోయి, ఆ రైతు చేలోకి దిగి, కాయ తుంచి, విరిచి, గింజ చూసి, చివరికి ఆ రైతు మొహం కూడా చూసి, అప్పుడు కొంటాం. నేను చదివింది ఎనిమిదో తరగతే గానీ ఈ చదువు మాత్రం బాగా వంటబట్టింది. మొన్న రెండో శనివారం నాడు మా అమ్మాయి విజయని వెంటబెట్టుకుని ప్రకాశం వైపు వెళ్ళింది ఇలాంటి పని మీదే. కాకపోతే చూడబోయింది చేను కాదు, మనిషిని. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్నచోట కాలు నిలవడం లేదు. ఇలాంటి పని మీద వెళ్ళాలనుకునేవాళ్ళకి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. సంతోషంలో ఎక్కడైనా నాలుగు మాటలు ఎక్కువైతే పెద్దవాణ్ణని సర్దుకోండి.

మాది గుంటూరు పక్కన, పెదకాకాని దాటి లోపలికి వెళ్ళే ఊరు. విజయ మా ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరు. మా పక్క వీధిలోనే కాపురం. నలభై దాటిన ఏడాదే కుడిచెయ్యి వణకడం మొదలైంది. తరవాత బోర్డు మీద అక్షరాలు చిన్నవైపోవడం మొదలైంది. వాక్యం మొదట్లో గుమ్మడికాయంత ఉన్న అక్షరం చివరికొచ్చేసరికి ఆవగింజంత. ఆ తరవాత నడక. మామూలుగా నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరికి రాగానే కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోయేది. గుంటూరులో మెదడు, నరాల డాక్టరమ్మ చూసి పార్కిన్సన్స్ అని తేల్చింది. మెదడులో కదలికకి కావలసిన రసాన్ని తయారుచేసే కణాలు కొంచెం కొంచెంగా తగ్గిపోతాయట. మాత్రలు ఇచ్చింది. కొన్ని గంటలు బాగుండేది, కొన్ని గంటలు ఉండేది కాదు. ఈ సంక్రాంతి సెలవుల తరవాత బడి గుమ్మంలో నిలబడిపోయి, పిల్లలందరూ చూస్తుండగా లోపలికి అడుగు వెయ్యలేక ఏడ్చిందట. "నాన్నా, ఇంక ఉద్యోగం మానేస్తాను" అంది. అక్షరం దిద్దించడమంటే ప్రాణం ఆ పిల్లకి. నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

సరిగ్గా అప్పుడే ఫోన్లో ఒక వీడియో వచ్చింది. ఫలానా పట్నంలో ఒక క్లినిక్. స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, సూదితో ఎక్కిస్తే పోయిన కణాలు మళ్ళీ పుడతాయని చెప్పారు. తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం ముందు చకచకా నడిచి చూపించి, తన పేరు, ఊరు చెప్పి దణ్ణం పెట్టాడు. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో ఆ దేవుడికే తెలుసు. క్లినిక్ వాళ్ళకి ఫోన్ చేస్తే, డబ్బు కట్టి సోమవారం చేరడానికి ఒక ఖాళీ ఉందనీ, శనివారం సాయంత్రంలోగా సరే అనాలనీ చెప్పారు. నాకు అప్పుడే సరే అనెయ్యాలనిపించింది. కానీ విత్తనాల బుద్ధి ఊరుకోదుగా! వీడియోలోని పెద్దాయన ఊరు మేదరమెట్ల నుంచి లోపలికి. అక్కడి పొగాకు రైతులు నాకు తెలుసు. వాళ్ళని పట్టుకుని ఆయన నంబరు సంపాదించాను. ఆయన పేరు ఏసురత్నం మాస్టారు, పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు. "రండి, తప్పకుండా రండి. కానీ ఒక పూటంతా ఉండేటట్టయితేనే రండి" అన్నారు.

"నాన్నా, ఆయన మనిషి. మిరపచేను కాదు, చూసి రావడానికి" అని విజయ నవ్వింది. చాలా రోజుల తరవాత నవ్వింది. అదే శకునమనుకున్నాను.

శనివారం తెల్లవారుతుండగా మా ఊరి ఆటోలో బయల్దేరాం. పెదకాకాని దగ్గర ఆటో ఆపించి, రోడ్డు మీద నుంచే అక్కడి గుళ్ళో స్వామికి ఒక దణ్ణం పెట్టుకున్నాను. ఆరున్నరకి ముందే గుంటూరు బస్టాండులో ఉన్నాం. ఒంగోలు ఎక్స్‌ప్రెస్ కదలడానికి సిద్ధంగా ఉంది. మీకు చెప్పేదేమంటే, ఆ వేళలో అరగంటకో బస్సు దొరుకుతుంది, సీట్లూ దొరుకుతాయి. కానీ ఎక్కేముందు మేదరమెట్లలో ఆగుతుందా అని అడగండి. కొన్ని ఆగకుండా వంతెన పైనుంచే పోతాయి. మేము ముందు సీట్లో కూర్చున్నాం. విజయ మాత్ర వేసుకునే వేళయింది.

"ఫ్లాస్కు ఇవ్వు నాన్నా."

"నా దగ్గరేదమ్మా? నీకే ఇచ్చిందిగా మీ అమ్మ."

"నీ చేతికిచ్చింది. నువ్వే పట్టుకున్నావు."

"నేను పట్టుకుంది గొడుగు."

"ఫిబ్రవరిలో గొడుగెందుకు నాన్నా!"

ఆ ఫ్లాస్కులో ఉన్నది పాలు. మా ఇంట్లో ఇదొక పద్ధతి. ఉత్త కడుపుతో బిళ్ళ వేస్తే వేడి చేస్తుందని, కడుపులో మంట పుడుతుందని, మా ఆవిడ రోజూ పొద్దున్నే చిక్కటి గేదెపాలు పెద్ద గ్లాసుడు పట్టుకెళ్ళి దగ్గరుండి ఆ పాలతో వేయిస్తుంది. మా ఇంటా వంటా అందరికీ తెలిసిన సంగతే, గట్టి మందుకి గట్టి పాలు ఉండాలని. నేను దిగి టీ కొట్లో పాలు పట్టుకొద్దామని లేచాను. కండక్టరు "పెద్దాయనా, ఎక్కడికి? బండి తీసేస్తున్నాం!" అని అరిచాడు. "నీళ్ళతో వేసుకుంటాలే, కూర్చో" అని విజయ సీసా ఎత్తి మాత్ర మింగేసింది. నాకు మనసు ఒప్పలేదు. మా ఆవిడకి తెలిస్తే ఏమంటుందోనని అదొక భయం.

కండక్టరు వచ్చి విజయ ఆధార్ చూసి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు కొట్టాడు. నాకు మాత్రం వందకి పైన తీసుకున్నాడు. పెద్దవాళ్ళకిచ్చే తగ్గింపు ఉంది గానీ, వయసున్న కార్డు ఇంట్లోనే ఉండిపోయింది, ఫ్లాస్కు పక్కన. "చూశావా నాన్నా, నన్ను మనిషిగా ఎక్కించుకున్నారు. నీకు లగేజీ కొట్టారు" అంది విజయ. వెనక సీట్లో వాళ్ళు కూడా నవ్వారు.

గుంటూరు దాటాక ఆ దారి చూడాలండి ఈ రోజుల్లో. రోడ్డుకి రెండు పక్కలా కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు, ఎర్రచీరలు ఆరేసినట్టు. కిటికీ తెరిచామంటే ఘాటు ముక్కుకెక్కి బస్సంతా ఒకరి తరవాత ఒకరు తుమ్ముతారు. ఇక్కడివాళ్ళెవరూ దాన్ని పట్టించుకోరు. కొత్తవాళ్ళయితే ఒక చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. చివరి తీత అయిపోయిన పత్తిచేలల్లో అక్కడక్కడా తెల్లటి పింజలు మిగిలి ఉన్నాయి. యడ్లపాడు దగ్గర కుడిచేతి వైపు కొండవీటి కొండలు మంచులోంచి బయటికొస్తున్నాయి. విజయ వాటినే చూస్తూ కూర్చుంది. నేను ఆమె కుడిచేతిని చూస్తూ కూర్చున్నాను. చెయ్యి ఒళ్ళో నిశ్శబ్దంగా పడుకుని ఉంది. అబ్బ, ఎన్నాళ్ళయింది దాన్ని అలా చూసి!

ఎనిమిది కాకముందే చిలకలూరిపేట. బస్సు పావుగంట ఆగుతుందన్నారు. బస్టాండు ఎదుట ఇడ్లీ బండి ఉంది. ఇడ్లీ మీద కారప్పొడి, ఆ పొడి మీద నెయ్యి. ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు. నేను ముందు దిగి, మామూలుగా చేసేట్టే వెనక్కి తిరిగి చెయ్యి చాపాను. బస్సు మెట్లంటే విజయకి గండం. పై మెట్టు మీద నిలబడిపోతుంది. వెనకవాళ్ళు విసుక్కుంటారు. ఆ రోజు ఏం జరిగిందనుకున్నారు?

"చెయ్యి తియ్యి నాన్నా, అడ్డం!" అంది.

ఒక మెట్టు, రెండో మెట్టు, నేల! దిగిపోయి నన్ను దాటుకుని ఇడ్లీ బండి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను గాలిలో చెయ్యి చాపుకుని అక్కడే నిలబడ్డాను. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "పెదకాకాని స్వామీ! దణ్ణం పెట్టి రెండు గంటలు కాలేదు, ఇంత తొందరగానా?" అనుకున్నాను. ఇడ్లీ బండి అతను "ఏం బాబాయ్, కారం ఎక్కువైందా?" అన్నాడు. "ఇంకా తినలేదయ్యా" అన్నాను.

మార్టూరు దగ్గర గ్రానైటు పలకల దుమ్ము దాటుకుని తొమ్మిదింటికి మేదరమెట్లలో దిగాం. జిల్లాలు మార్చారు, మళ్ళీ మార్చారు గానీ మా నోటికి అదంతా ప్రకాశమే. అక్కడి నుంచి మాస్టారి ఊరికి షేరు ఆటో దొరకడం కష్టం. విడిగా మాట్లాడుకుంటే నూట యాభై అడుగుతారు, ఇచ్చెయ్యండి, దారి బాగాలేదు. ఆటో అతను కుర్చీలో సగం బయట కూర్చుని తోలుతూ అడిగాడు.

"ఎవురింటికి బాబాయ్?"

"ఏసురత్నం మాస్టారింటికి."

"సూది మాస్టారింటికా! వారానికి ఒకళ్ళయినా వస్తా ఉంటారు. వచ్చేటప్పుడు అందరూ మీలాగే మాట్లాడుకుంటా వస్తారు."

"మరి పోయేటప్పుడు?"

అతను పొగాకు చేలవైపు చూస్తూ, "పోయేటప్పుడు ఎక్కువ మాట్లాడరు బాబాయ్" అన్నాడు. విజయ నా వైపు చూసింది. నేను బ్యారన్ల వైపు చూశాను.

కానీ మేము వెళ్ళేసరికి ఏం చూశామో తెలుసా? మాస్టారు రెండు చేతుల్లో రెండు బకెట్ల నీళ్ళు పట్టుకుని మల్లెచెట్లకి పోస్తున్నారు! డెబ్బై దాటిన మనిషి. గేటు తియ్యడానికి ఆయనే గబగబా వచ్చారు. నేను ఆయన్ని ముందుకీ వెనక్కీ నడిపించాను. వంగమన్నాను, లేవమన్నాను. చేతివేళ్ళు విప్పమన్నాను. ఆయన నేను చెప్పినవన్నీ చేసి, "బాబూ, నన్ను కూడా కాయలాగా విరిచి గింజలు చూస్తారా ఏంటి?" అన్నారు. ఆయన భార్య మరియమ్మగారు అరుగు మీద కూర్చుని పడీ పడీ నవ్వారు.

నాకు ఇంక మనసాగలేదు. ఫోన్ తీసి క్లినిక్ నంబరు వెతుకుతున్నాను. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఫోన్ జేబులో పెట్టండి. పూటంతా ఉంటామన్నారా లేదా? నేను పొద్దున వేసుకున్న మాత్ర బలం దిగిపోనివ్వండి. అప్పుడు చూసి మాట్లాడండి."

కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. ఆయనా టీచరే, విజయా టీచరే. ఇద్దరూ గుణింతాల మీద పడ్డారు. పదకొండు అవుతుండగా మాస్టారి మాట మెత్తబడింది. మొహం మీద కండరాలు బిగుసుకున్నాయి. "లోపలికి పోయి నా మాత్ర తెచ్చుకుంటాను" అని లేచారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయారు. కాళ్ళు రెండూ అక్కడే వణుకుతున్నాయి, ముందుకి కదలడం లేదు. అచ్చం మా విజయ బడి గుమ్మంలో నిలబడ్డట్టే. మరియమ్మగారు తొందరపడలేదు. గోడకి ఆనించిన చేతికర్ర తీసి ఆయన పాదాల ముందు నేల మీద అడ్డంగా పెట్టి, "దాటండి మాస్టారూ, కాలవ దాటండి" అన్నారు. ఆయన కర్రని చూసి, కాలెత్తి, దాటి లోపలికి వెళ్ళిపోయారు.

బయటికొచ్చి కూర్చున్నాక ఆయన చెప్పింది ఇదండి. "మా వీడియో తీసినవాళ్ళు నేను మాత్ర వేసుకున్న గంట తరవాత తీశారు. ఆ వేళలో సూది లేకపోయినా నేనలాగే నడుస్తాను. నా పొట్ట కొవ్వులోంచి ఏవో కణాలు తీసి, శుభ్రం చేసి, మళ్ళీ నాకే నరానికెక్కించారు. మొదటి నెల ఎంతో బాగున్నాననుకున్నాను. మనసు అలా అనుకుంటుంది, దాని తప్పు లేదు. తరవాత ఎప్పటిలాగే అయింది. వీడియో తీసెయ్యమని అడిగాను, తియ్యలేదు. అందుకే వచ్చినవాళ్ళని పూటంతా ఉండమంటాను."

విజయ తలొంచుకుంది. ఆమె కూడా మాత్ర వేళయిందని సంచిలోంచి పట్టీ తీసింది. మరియమ్మగారు చల్లటి మజ్జిగ గ్లాసు తెచ్చి, "దీంతో వేసుకోమ్మా, చలవ చేస్తుంది" అన్నారు.

"ఆగమ్మా!" అని మాస్టారు అరిచారు. ఆ ఇంట్లో అంత గట్టిగా ఆయన అప్పుడే మాట్లాడారు. "మరియా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"మీకు చెప్పారు గానీ ఆ పిల్లకీ అంతేనా? నాకేం తెలుసు!" అన్నారామె.

"ఆ పిల్లదీ ఇదే మాత్ర కదా. అమ్మా, నువ్వు రోజూ దీన్ని దేనితో వేసుకుంటావు?"

"గేదెపాలతో మాస్టారూ."

"ఇవాళ?"

విజయ నా వైపు చూసింది. "ఇవాళ నీళ్ళతో. నాన్న ఫ్లాస్కు మర్చిపోయాడు."

"ఇవాళ ఎలా ఉంది?"

విజయ కుడిచెయ్యి ఎత్తి తనే చూసుకుంది. బస్సు మెట్లు నాకు గుర్తొచ్చాయి. ఆమెకీ అవే గుర్తొచ్చి ఉంటాయి.

మాస్టారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. "మీ మిరప యార్డు గేటు ఉంది చూశారూ, బస్తాల లారీలన్నీ ఒక్కసారే వస్తే మీ బండి గేటు బయటే నిలబడిపోతుందా లేదా? ఈ మందూ, పాలల్లోనూ పెరుగులోనూ పప్పులోనూ ఉండే మాంసకృత్తులూ ఒకే గేటులోంచి పోవాలి. పాలు ముందు దూరితే మందు వెనకబడుతుంది. మా డాక్టరు ఇదే చెప్పాడు. నేను పప్పు రాత్రికే తింటాను. మానలేదు, వేళ మార్చాను, అంతే. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాత్రం చెప్పలేను. మీ డాక్టరుని అడగండి."

మేము నీళ్ళతో మాత్ర వేయించాం. ముప్పావుగంట ఆగి భోజనం పెట్టారు. గుత్తివంకాయ, చారు, గోంగూర పచ్చడి. నాకొక్కడికే పప్పు. నేను మొహమాటపడితే మరియమ్మగారు, "తినండన్నయ్యగారూ, మీ గేటుకేం అడ్డం లేదు" అన్నారు.

మధ్యాహ్నం మూడు దాటకముందే గుంటూరు బస్సెక్కాం. వచ్చే దారిలో నేను నవ్వలేకపోయాను, ఏడవలేకపోయాను. ఆటో అతను చెప్పినట్టే ఎక్కువ మాట్లాడలేదు. కానీ రైతు ఆశ పాడుది. ఒక చేలో ఎండిన విత్తనం ఇంకో చేలో కాయదా అనిపిస్తూనే ఉంది. మాస్టారికి వయసైపోయింది, మా అమ్మాయికి వయసుంది కదా అనుకున్నాను. విజయే పైకి అనేసింది.

"నాన్నా, నాకింకా చేయించుకోవాలనే ఉంది. మాత్ర ఎన్నాళ్ళు పనిచేస్తుంది? బడిలో ఇంకా పదిహేనేళ్ళు ఉండాలి నేను."

"మరి డాక్టరమ్మనే అడుగుదాం తల్లీ. ఆవిడ ఊ అంటే నేను అడ్డం రాను" అన్నాను.

డాక్టరమ్మ దగ్గర ఐదున్నరకి నంబరు దొరికింది. శనివారం రద్దీ ఉంటుంది, బస్సులోంచే ఫోన్ చేసి పేరు రాయించుకోండి. లోపలికి వెళ్ళాక విజయ పాల సంగతి చెప్పింది. డాక్టరమ్మ తలపట్టుకుంది.

"ఉత్త నీళ్ళతో, ఖాళీ కడుపున అని చెప్పానా లేదా?"

"చెప్పారమ్మా. వేడి చేస్తుందని మా ఆవిడ కొంచెం పాలు..."

"కొంచెమా పెద్దాయనా?"

"ఇంత గ్లాసు" అని చేత్తో చూపించాను. ఆవిడకి నవ్వాగలేదు. వికారంగా ఉంటే రెండు ఉప్పు బిస్కట్లు తినొచ్చంది. పాలూ పప్పూ మానవద్దు, మాత్రకి దూరంగా తీసుకోమంది. మాత్రల వేళలు కూడా కొంచెం సర్దింది. అప్పుడు నేను అసలు సంగతి అడిగాను.

"మరి ఆ మూలకణాలు అబద్ధమా అమ్మా?"

"అబద్ధం కాదు. మీరు మిరపనారు పోస్తారుగా?"

"పోస్తాం."

"నారుమడిలో పెంచిన మొక్కని చేలో సాలులో నాటుతారా, రోడ్డు మీద చల్లుతారా?"

"రోడ్డు మీద చల్లితే గొడ్లు తింటాయి."

"అంతే. నిజమైన పరిశోధనలో మూలకణాలని ప్రయోగశాలలో పెంచి, మెదడుకి కావలసిన ఆ రసం తయారుచేసే కణాలుగా మార్చి, మెదడులో సరిగ్గా ఆ చోటనే ఆపరేషన్ చేసి నాటుతున్నారు. కొన్ని దేశాల్లో కొద్దిమందికి చేసి జాగ్రత్తగా చూస్తున్నారు. ఆశ ఉంది. నాకూ ఉంది. కానీ ఎంతమందికి పనిచేస్తుంది, ఎన్నాళ్ళుంటుంది, హాని ఏమైనా ఉందా అన్నది ఇంకా తేలాలి. పొట్ట కొవ్వులోంచి తీసి నరానికెక్కించేది ఇది కాదు. ఇంకొక మాట. నిజమైన పరిశోధనలో రోగి దగ్గర చికిత్సకి డబ్బు తీసుకోరు. ఎవరైనా తీసుకుంటున్నారంటే అక్కడే ఆగిపోండి."

విజయ అడిగింది, "నా వంతు వస్తుందా మేడమ్?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "వస్తుందని మాటివ్వలేనమ్మా. మన దేశంలో నీకు సరిపడే పరిశోధన మొదలైతే నేనే ఫోన్ చేస్తాను. అది మాత్రం మాటిస్తాను. అప్పటిదాకా రోజూ నడు, వ్యాయామం చెయ్యి, మాత్ర వేళకి వేసుకో. ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకే ఏ చికిత్స వచ్చినా అందుతుంది. ఉద్యోగం ఇప్పుడే ఎందుకు మానడం?"

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాం. ఎవరో పిలిచినట్టు అప్పుడే ఫోన్ మోగింది. క్లినిక్ వాళ్ళు. నా చెయ్యి వణికింది, ఆ క్షణాన మా ఇద్దరిలో జబ్బు నాకేననిపించింది. విజయ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"నమస్తే అండి. నేనే విజయని. లేదండి, సోమవారం రావడం లేదు. సోమవారం నాకు బడి ఉంది" అని పెట్టేసింది.

అదిగోనండి, నేను ఇంత పొడుగు రాసింది ఆ ఒక్క మాట కోసం. "సోమవారం నాకు బడి ఉంది!" నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. పక్కన కొబ్బరిబోండాల అతను భయపడి "నీరసమా పెద్దాయనా?" అని ఒక బోండాం కొట్టి ఇచ్చాడు. నలభై రూపాయలు ఇచ్చి, ఇంకో బోండాం కొట్టించి అతన్నే తాగమన్నాను. నన్ను పిచ్చివాణ్ణనుకున్నాడు, అనుకోనీ. అక్కడి నుంచి బస్టాండుకి నడుద్దామంది విజయ. సాయంత్రపు రద్దీ, ఆటోలు, తోపుడుబళ్ళు. ఒక పక్కకి తప్పుకుంటూ, ఒక గుంత దాటుకుంటూ, ఆమె ముందు నడిచిపోతోంది. "ఆగవే అమ్మా, నేను ముసలాణ్ణి!" అని అరిచాను. మూడేళ్ళలో ఆ మాట అనే భాగ్యం నాకు కలగలేదు. జనం వెనక్కి తిరిగి చూశారు. ఆమె మాత్రం తిరగలేదు.

ఇంటికెళ్ళాక మా ఆవిడ ఫ్లాస్కు ఎదురుగా పెట్టుకుని నా మీద యుద్ధానికి సిద్ధంగా ఉంది. విజయ అంతా చెప్పాక ఆ పాలు నాకే కాచి పోసి, "మీరు మర్చిపోయిన పనుల్లో ఇదొక్కటే మంచి పని" అంది. సోమవారం విజయ బడికి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగిందట, మనసులో ఒక కర్ర అడ్డం పెట్టుకుని దాటేసిందట. ప్రతి రోజూ ఇలాగే ఉండదని నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం కొంచెం బిగుసుకుపోయింది కూడా. జబ్బు పోలేదు. ఆ నారు మా చేలోకి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. నేను ఉండగా రాకపోవచ్చు. అయినా నాకు దిగులు లేదండి. మందు చాలని జబ్బనుకుని బయల్దేరిన మనిషిని, ఉన్న మందే సరిగ్గా వేసుకోవచ్చని తెలుసుకుని తిరిగొచ్చాను. అద్భుతం కోసం వెళ్ళి ఇలాంటి చిన్న సంగతితో తిరిగిరావడం తక్కువేమీ కాదు. బోర్డు మీద 'అ' అక్షరం ఇప్పుడు బడి కిటికీలోంచి నాకు కనిపిస్తోంది. కళ్ళద్దాలు లేకుండానే.

చివరిగా ఒకే సలహా. ఈ జబ్బున్నవాళ్ళతో బస్సు ప్రయాణం చేసేటప్పుడు ముందు సీటు తీసుకుని, దిగే చోటు ముందే కండక్టరుకి చెప్పి, మెట్ల దగ్గర ఒక నిమిషం ఎక్కువ ఆపమనండి. ఆపుతారు, మంచివాళ్ళే. మీరు మాత్రం చెయ్యి పట్టి లాగకండి. పక్కన నిలబడి ఊరుకోండి, వాళ్ళంతట వాళ్ళని కాలెత్తనివ్వండి.